దక్షిణ తెలంగాణ మెట్ట నేలల్లో సచ్ఛిద్రత: నీటి నిలుపుదల, ప్రవాహం, వాటి గణిత నమూనాలు

నేల మొత్తం ఘనపరిమాణంలో కణాల మధ్య ఖాళీ ఎంత భాగమో తెలిపే సంఖ్య సచ్ఛిద్రత. ఆ ఖాళీలన్నీ నీటితో నిండితే నేల సంతృప్తం; కొంత నీరు, కొంత గాలి ఉంటే అసంతృప్తం. నేల ఉపరితలం నుంచి భూగర్భ జలమట్టం దాకా ఉండే మందాన్ని అసంతృప్త మండలం అంటారు. కురిసిన వానలో పంటకు అందేదెంత, ఆవిరయ్యేదెంత, బోరుకు చేరేదెంత అన్నవి ఈ మండలంలోనే తేలిపోతాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతపు నేలల్లో సచ్ఛిద్రత నీటి నిలుపుదలను, కదలికను ఎలా మారుస్తుందో, దాన్ని లెక్కగట్టే నమూనాలు ఎలా వచ్చాయో ఈ వ్యాసం వివరిస్తుంది. మొత్తం ఖాళీ ఎంత ఉన్నదన్న దానికంటే ఆ ఖాళీలు ఏ సైజులో ఉన్నాయి, ఒకదానితో ఒకటి ఎలా కలిసి ఉన్నాయి అన్నవే ఇక్కడ ప్రధానం.

ప్రాంతం, నేలలు

ఉమ్మడి నల్లగొండ జిల్లా 2016 అక్టోబరు 11న నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలుగా మారింది. అదే రోజు మహబూబ్‌నగర్ (పాలమూరు) నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. 2019లో నారాయణపేట కూడా విడివడింది. ఈ వ్యాసంలో జిల్లాల పేర్లు ఉమ్మడి జిల్లాలకు వర్తిస్తాయి. ఏడాది సగటు వర్షపాతం సుమారు 600 నుంచి 750 మి.మీ. అందులో అధిక భాగం జూన్, సెప్టెంబరు నెలల మధ్య కురుస్తుంది. వానకు వానకు నడుమ రెండు మూడు వారాల బెట్ట రావడం మామూలే.

అడుగున ఉన్నది 250 కోట్ల ఏళ్లకు పైబడిన గ్రానైటు, నైస్ శిలలు. నల్లగొండ దక్షిణపు అంచున, అమ్రాబాద్ పీఠభూమి మీద మాత్రం కడప శ్రేణి అవక్షేప శిలలు కనిపిస్తాయి. గ్రానైటు చివికి ఏర్పడిన ఎర్ర ఇసుకపాలు నేలలను చల్కలు అంటారు. ఇసుక ఇంకా ఎక్కువై, బంక బాగా తగ్గినవి దుబ్బ నేలలు. పల్లపు ప్రాంతాల్లో, కృష్ణా తుంగభద్రల వెంట అలంపూర్ వైపు నల్లరేగడి ఉంది. నీరు దిగని పల్లాల్లో ఉప్పు తేలిన చౌడు మచ్చలు కనిపిస్తాయి.

పాత దిగుడు బావి గోడను చూస్తే పొరల వరస తెలుస్తుంది. పైన జానెడు నుంచి రెండు మూడు అడుగుల చల్క. దాని కింద చేత్తో నలిపితే రాలిపోయే మొరం. అందులో గ్రానైటు పోగులు చెదరకుండా కనిపిస్తూనే ఉంటాయి, ఫెల్డ్‌స్పార్ మాత్రం మెత్తబడి తెల్లటి బంకగా మారి ఉంటుంది. ఇంకా కిందికి పోతే అడ్డ పగుళ్లున్న రాయి, ఆ తరువాత పగులు లేని బండ. ఒకప్పుడు బావుల్లో నీరు మొరంలోనే నిలిచేది. బోర్లు పెరిగి జలమట్టం పగుళ్ల రాతిలోకి దిగిపోయిన చోట్ల మొరం పొర ఎక్కువ భాగం ఇప్పుడు అసంతృప్త మండలంలో చేరింది. అంటే వాన నీరు జలమట్టాన్ని అందుకోవడానికి దాటవలసిన మందం పెరిగింది.

మొత్తం సచ్ఛిద్రత, రంధ్రాల సైజు

నేల గింజల సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 2.65 గ్రాములు. ఎండిన నేల స్థూల సాంద్రతను దానితో భాగించి, వచ్చినదాన్ని 1 నుంచి తీసేస్తే సచ్ఛిద్రత వస్తుంది. స్థూల సాంద్రత 1.45 ఉన్న దున్నిన చల్కలో ఇది 0.45. అదే నేల ట్రాక్టరు చక్రాల కింద నలిగి 1.70కి చేరితే 0.36కు తగ్గుతుంది.

రంధ్రం నీటిని పట్టి ఉంచేది తలతన్యత బలంతో. రంధ్రం ఎంత సన్నగా ఉంటే అందులోని నీటిని లాగడానికి అంత ఎక్కువ చూషణ కావాలి. వ్యాసం 0.03 మి.మీ. ఉన్న రంధ్రం సుమారు ఒక మీటరు నీటి ఎత్తుకు సమానమైన చూషణ వరకు నీటిని వదలదు. మొక్కలు వాడిపోయి మళ్లీ తేరుకోలేని స్థితికి శాస్త్రజ్ఞులు వాడే ప్రమాణం 150 మీటర్ల చూషణ. అప్పటికి 0.0002 మి.మీ. కంటే సన్నటి రంధ్రాల్లో మాత్రమే నీరు మిగులుతుంది. రంధ్రం సైజుతో పాటు ప్రవాహం ఇంకా తీవ్రంగా మారుతుంది. గొట్టం లాంటి రంధ్రంలో అది వ్యాసపు నాలుగో ఘాతంతో పెరుగుతుంది కాబట్టి పది రెట్లు వెడల్పైన దారి పదివేల రెట్లు నీటిని మోస్తుంది.

రెండు నేలల లెక్క పక్కపక్కన పెడితే తేడా స్పష్టమవుతుంది. అమెరికా నేలల సమాచారం నుంచి కార్సెల్, పారిష్ 1988లో ప్రకటించిన సగటు విలువలను ప్రపంచమంతా తొలి అంచనాకు వాడుతున్నారు. చల్కకు దగ్గరైన ఇసుక గరపకు వారిచ్చిన సంతృప్త నీటి శాతం 41, రేగడికి దగ్గరైన బంకమట్టికి 38. అంటే ఖాళీ దాదాపు సమానం. ఒక మీటరు చూషణ దగ్గర వాన్ గెనుక్టెన్ సూత్రంతో లెక్కిస్తే (చూ. సిద్ధాంత చరిత్ర) ఇసుక గరపలో 12 శాతం నీరే మిగులుతుంది, బంకమట్టిలో 37 శాతం. అక్కడి నుంచి వాడిపోయే స్థితి దాకా ఒక మీటరు లోతులో మొక్కకు దొరికేది మొదటిదానిలో సుమారు 56 మి.మీ., రెండోదానిలో 95 మి.మీ. పంట రోజుకు 5 మి.మీ. వాడితే 11 రోజులు, 19 రోజులు. అరమీటరు లోతుకే మొరం తగిలే చల్కలో మొదటి అంకె కూడా సగమవుతుంది. పత్తి చేను ఎర్ర నేలలో వారం బెట్టకే తల వాల్చి, పక్కనున్న రేగడిలో నిలబడడానికి కారణం ఇక్కడుంది.

అవే విలువలతో వాహకతను, అంటే నేల నీటిని పోనిచ్చే వేగాన్ని, లెక్కిస్తే మరో సంగతి బయటపడుతుంది. సంతృప్త స్థితిలో ఇసుక గరప రోజుకు 106 సెం.మీ., బంకమట్టి 4.8 సెం.మీ. వేగంతో నీటిని పోనిస్తాయి. ఇసుకది 22 రెట్లు ఎక్కువ. ఒక మీటరు చూషణ వచ్చేసరికి ఇసుక గరప వాహకత రోజుకు 0.05 మి.మీ.కు పడిపోతుంది, బంకమట్టిది 0.2 మి.మీ. దగ్గర ఉంటుంది. తడిగా ఉన్నప్పుడు ముందున్న నేల ఆరాక వెనకబడుతుంది, పెద్ద రంధ్రాలు ముందుగా ఖాళీ అయి గాలితో నిండిపోవడమే అందుకు కారణం. ఇవి నమూనా లెక్కలే తప్ప ఏ ఊరి చేనులోనో కొలిచిన అంకెలు కావు.

సిద్ధాంత చరిత్ర

సంతృప్త ప్రవాహానికి సూత్రం ఇచ్చినవాడు ఫ్రెంచి ఇంజినీరు హెన్రీ డార్సీ (1856). నీటితో పూర్తిగా నిండని నేలకు దాన్ని విస్తరించి, వాహకత నీటి శాతంతో మారుతుందని ఎడ్గార్ బకింగ్‌హాం 1907లో చూపాడు. ఇంకుడుకు సులభమైన సూత్రాన్ని గ్రీన్, ఆంప్ట్ 1911లో ఇచ్చారు. నీటి నిల్వను, ప్రవాహాన్ని ఒకే సమీకరణంలో కలిపినవాడు లొరెంజో రిచర్డ్స్ (1931). ఈనాటికీ అసంతృప్త నేలల నమూనాల్లో ఎక్కువ వాటికి రిచర్డ్స్ సమీకరణమే పునాది.

ఆ సమీకరణం పనిచేయాలంటే ప్రతి నేలకు రెండు వక్రాలు కావాలి. చూషణ పెరిగేకొద్దీ నీరు ఎలా తగ్గుతుందో చెప్పేది నిలుపుదల వక్రం. నీరు తగ్గేకొద్దీ వాహకత ఎలా పడిపోతుందో చెప్పేది వాహకత వక్రం. బ్రూక్స్, కోరీ 1964లో నిలుపుదల వక్రానికి ఘాత సూత్రం ఇచ్చారు. రంధ్రాల సైజుల పంపకం నుంచి వాహకతను రాబట్టే పద్ధతిని ముఆలెం 1976లో రూపొందించాడు. మార్టినస్ వాన్ గెనుక్టెన్ 1980లో నిలుపుదల, వాహకత వక్రాలు రెండింటినీ కలుపుతూ ఇచ్చిన సూత్రం అత్యధికంగా వాడుకలో ఉంది. అందులో ఆల్ఫా అనే అంకె నేలలోని పెద్ద రంధ్రాల సైజును, ఎన్ అనే అంకె రంధ్రాల సైజులు ఎంత దగ్గరగా ఉన్నాయో సూచిస్తాయి. హైడ్రస్ వంటి కంప్యూటరు ప్రోగ్రాములు ఈ సూత్రాలతోనే రిచర్డ్స్ సమీకరణాన్ని సాధిస్తాయి.

నమూనాల్లో సచ్ఛిద్రత పాత్ర

తొలి నమూనాల్లో సచ్ఛిద్రత మారని అంకె. నేల నలిగినా, ఉబ్బినా అదే వక్రం. దున్నకం, దమ్ము, చక్రాల ఒత్తిడి ఉన్న వ్యవసాయ భూములకు అది చాలదు. అందువల్ల సచ్ఛిద్రత మారినప్పుడు మిగతా అంకెలను ఎలా సవరించాలన్నది ప్రత్యేక పరిశోధనాంశమైంది.

సంతృప్త వాహకతకు కొజెనీ (1927), కార్మన్ (1937) సూత్రం ఉంది: వాహకత సచ్ఛిద్రత ఘనానికి అనులోమంగా, ఘనపదార్థ భాగపు వర్గానికి విలోమంగా మారుతుంది. గాలి రంధ్రాల్లోకి చొరబడడం మొదలయ్యే చూషణకు పెట్రోలియం రంగం నుంచి వచ్చిన లెవెరెట్ (1941) స్కేలింగు వాడతారు. పైన చెప్పిన చల్క 0.45 నుంచి 0.36కు నలిగినప్పుడు ఈ రెండు సూత్రాల ప్రకారం వాహకత మూడో వంతుకు కాస్త పైన ఆగుతుంది, గాలి చొరబడే చూషణ ఒకటిన్నర రెట్లవుతుంది, మీటరు లోతులో దాదాపు 95 మి.మీ. ఖాళీ పోతుంది. వాస్తవంలో వాహకత ఇంతకంటే ఎక్కువే పడిపోతుంది. ఒత్తిడికి అన్ని రంధ్రాలూ సమానంగా కుదించుకుపోవు. నీటిని మోసే పెద్ద దారులే ముందు మూసుకుంటాయి. ఆ లోపాన్ని సరిచేస్తూ నేల ఘనపరిమాణంతో ఆల్ఫా అంకెను ముడిపెట్టే నమూనాను గలిపోలి, వీలర్, కార్‌స్టునెన్ 2003లో ఇచ్చారు. స్థూల సాంద్రతను, నిలుపుదల వక్రాన్ని కలిపే నమూనాను అసోలీన్ 2006లో ప్రచురించాడు.

నలిగిన నేల కొంత తేమను ఎక్కువసేపు పట్టి ఉంచుతుందన్నది కూడా నిజమే. దుబ్బ నేలల్లో స్వల్ప ఒత్తిడి వల్ల మేలు జరగవచ్చు. చల్కల్లో అది వేరు దిగకుండా, వాన ఇంకకుండా చేసే నష్టం ఎక్కువ.

స్థానిక ప్రక్రియలు

*పైపెచ్చు.* చల్కల్లో సేంద్రియ పదార్థం తక్కువ, బంక ప్రధానంగా కేయోలినైటు జాతిది. వాన చినుకు దెబ్బకు మట్టి గడ్డలు చితికి, సన్నని రేణువులు పైరంధ్రాల్లో ఇరుక్కుని, ఆరాక కొన్ని మిల్లీమీటర్ల మందాన గట్టి పెచ్చు కడుతుంది. కింద ఎంత ఖాళీ ఉన్నా లోపలికి నీరు పోయేది ఆ పెచ్చు పోనిచ్చినంతే. మిగిలింది వాగుకు కొట్టుకుపోతుంది. నమూనాలో దీన్ని తక్కువ వాహకత ఉన్న విడి పొరగా చూపాలి, లేకపోతే ఇంకుడు అంచనా విపరీతంగా పెరిగిపోతుంది.

వాన వెలిశాక పదునులో గుంటుక తోలడం ఈ ప్రాంతపు పాత అలవాటు. పెచ్చు పగలడం దాని ఒక ప్రయోజనం. రెండోది ఆవిరిని తగ్గించడం. కదిలించిన పైపొర ఆరిపోయినప్పుడు అందులో పెద్ద రంధ్రాలే మిగిలి, అవి గాలితో నిండి ఉంటాయి. ఆ స్థితిలో వాటి వాహకత దాదాపు శూన్యం కాబట్టి కింది తేమ పైకి రాలేదు. వాహకత వక్రం చెప్పేదీ, రైతు చేసేదీ ఇక్కడ ఒకటే.

*నెర్రెలు.* రేగడిలోని స్మెక్టైటు బంక తడిసి ఉబ్బుతుంది, ఆరి కుంచించుకుపోతుంది. సచ్ఛిద్రత నీటి శాతంతో పాటే మారుతుంది. వేసవిలో నెర్రెలు బారిన రేగడి తొలి వానను నేరుగా కిందికి వదులుతుంది. నెర్రెలు పూడుకున్నాక అదే నేల మీద నీరు నిలుస్తుంది. దీనికి ఒకే రకం రంధ్రాలున్న నమూనా పనికిరాదు. పగుళ్లను, మట్టి గడ్డలను రెండు వేర్వేరు వ్యవస్థలుగా చూసే నమూనాను గెర్కె, వాన్ గెనుక్టెన్ 1993లో ఇచ్చారు.

*దమ్ము.* వరి మడిలో దమ్ము చేయడం పెద్ద రంధ్రాలను కావాలని చెడగొట్టే పని. అడుగున గట్టి పొర ఏర్పడి నీరు నిలుస్తుంది. అయినా మడిలో నెలల తరబడి నీరు ఉండడంతో ఇంకిపోయేది తక్కువేమీ కాదు (చూ. క్షేత్ర పరిశోధనలు).

*పొరల హద్దు.* సన్నని మట్టి కింద ముతక మొరం ఉంటే నీరు వెంటనే దిగదు. పై మట్టి దాదాపు నిండేదాకా మొరంలోని పెద్ద రంధ్రాలు నీటిని తీసుకోవు. పలుచటి చల్క కొంతసేపైనా తేమను పట్టడంలో ఈ హద్దుకూ వాటా ఉంది.

కొలతలు

నిలుపుదల వక్రాన్ని ప్రయోగశాలలో ప్రెషర్ ప్లేట్ పరికరంతో కొలుస్తారు. చేనులో చూషణకు టెన్షియోమీటరు, తేమకు న్యూట్రాన్ ప్రోబు లేదా టీడీఆర్ (టైమ్ డొమైన్ రిఫ్లెక్టోమెట్రీ), ఇంకుడుకు జంట వలయాల పరికరం వాడతారు. మట్టిని తూచి, ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ తూచే పద్ధతి అన్నిటికంటే పాతది, ఇప్పటికీ మిగతావాటిని సరిచూసేది దానితోనే. చల్కల్లో గులకరాళ్లు ఎక్కువ కావడం వల్ల చెదరని నమూనా తీయడమే కష్టం. రాయి భాగాన్ని మినహాయించకుండా లెక్కిస్తే స్థూల సాంద్రత పెరిగి, సచ్ఛిద్రత ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది.

హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) దేశంలో పలుచోట్ల ట్రిటియం పద్ధతిని వాడింది. వానలకు ముందు వేర్ల పొర కింద నేలలో కొద్దిగా ట్రిటియం కలిసిన నీటిని ఎక్కిస్తారు. వానకాలం ముగిశాక లోతువారీగా మట్టి తీసి, ఆ గుర్తు ఎంత కిందికి జరిగిందో చూస్తారు. అది జరిగిన లోతును ఆ మందంలోని సగటు నీటి శాతంతో గుణిస్తే ఆ ఏటి రీఛార్జి, అంటే జలమట్టం వైపు దిగిన నీరు, వస్తుంది. ఈ కొలతల ఆధారంగా రంగరాజన్, అథవలే దేశవ్యాప్త అంచనాను 2000లో ప్రచురించారు. కొత్త నీరు పాత నీటిని పిస్టన్‌లా కిందికి నెడుతుందన్నది ఈ పద్ధతి వెనకున్న ఊహ. గ్రానైటు ప్రాంతంలో పగుళ్లు, వేరు దారుల వెంట అడ్డదారిన దిగే నీరు దీని లెక్కకు అందదు. సుఖిజా, డి.వి. రెడ్డి తదితరులు 2003లో ప్రచురించిన అధ్యయనం పగుళ్ల గ్రానైటులో రీఛార్జిలో పెద్ద భాగం ఈ అడ్డదారి ప్రవాహానిదేనని చూపింది.

క్షేత్ర పరిశోధనలు

ఈ మెట్ట ప్రాంతంలో అత్యంత లోతుగా పరిశీలించిన చోటు మహేశ్వరం వాటర్‌షెడ్. ఇది హైదరాబాదుకు దక్షిణంగా సుమారు 35 కి.మీ. దూరంలో రంగారెడ్డి జిల్లాలో ఉన్నా, శిలలు, నేలలు, సేద్యం పాలమూరు, నల్లగొండలవే. విస్తీర్ణం 53 చదరపు కి.మీ. ఎన్‌జీఆర్‌ఐ, ఫ్రాన్సు భూగర్భ సర్వే సంస్థ బీఆర్‌జీఎం కలిసి 1999లో ఏర్పాటు చేసిన భారత–ఫ్రెంచి భూగర్భజల పరిశోధన కేంద్రం ఇక్కడ పనిచేసింది.

అక్కడి జలమట్టపు హెచ్చుతగ్గుల నుంచి మరేషల్ తదితరులు 2006లో తేల్చిన స్పెసిఫిక్ ఈల్డ్, అంటే జలమట్టం దిగినప్పుడు రాతి పొర నిజంగా వదిలే నీటి భాగం, 1.4 శాతం. చల్కలో 40 శాతం ఖాళీ, దిగువ పొరలో వాడుకకు వచ్చే ఖాళీ ఇంతే. దీని ఫలితం ప్రతి బోరు రైతుకు తెలిసిందే: 70 మి.మీ. నీరు కిందికి చేరితే జలమట్టం 5 మీటర్లు లేస్తుంది, అంతే నీరు తోడితే అంతే దిగుతుంది. బోరు త్వరగా పొంగడం సమృద్ధికి గుర్తు కాదు.

అదే వాటర్‌షెడ్‌లో డెవాండెల్ తదితరులు 2008లో సాగునీటి తిరుగు ప్రవాహాన్ని అంచనా వేశారు. వరి మడికి పెట్టిన నీటిలో సుమారు సగం మళ్లీ జలమట్టానికి చేరుతోందని, కూరగాయల్లో అది నాలుగో వంతు దగ్గరని తేలింది. తిరిగి చేరిన నీరు పెట్టిన నీటిలాంటిది కాదు. ఆవిరి పోగా లవణాలు చిక్కబడతాయి. ఫ్లోరైడు ఖనిజాలున్న నల్లగొండ గ్రానైటులో ఇలా ఒకే నీరు పదే పదే తిరగడం ఫ్లోరైడు పెరుగుదలకు ఒక కారణంగా పరిశోధకులు గుర్తించారు.

నల్లగొండ జిల్లా చౌటుప్పల్‌లో (ఇప్పుడు యాదాద్రి భువనగిరి) ఎన్‌జీఆర్‌ఐ ప్రయోగ క్షేత్రం ఉంది. జలమట్టం పైన, చివికిన పొర దగ్గర ఉన్నప్పుడు భూగర్భ ప్రవాహం వాటర్‌షెడ్ అంతా కలిసి సాగుతుందని, కిందికి దిగాక విడివిడి అరలుగా తెగిపోతుందని అక్కడ చేసిన అధ్యయనం (గిహెనెఫ్ తదితరులు, 2014) తేల్చింది.

నేలల వైపు నుంచి చూస్తే 1972లో పటాన్‌చెరు వద్ద నెలకొన్న అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ప్రాంగణంలో ఎర్ర, నల్ల నేలలు రెండూ ఉన్నాయి. మెట్ట సేద్య కేంద్ర పరిశోధన సంస్థ క్రీడా (1985) హయత్‌నగర్, గునగల్ క్షేత్రాల్లో చల్కల తేమ సంరక్షణ మీద పనిచేస్తోంది. ఇక్రిశాట్ 1975లో మొదలుపెట్టిన గ్రామ అధ్యయనాల్లో మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి, డోకూరు ఉన్నాయి.

అనువర్తనాలు

చెరువు పూడిక మట్టిని చల్కలకు తోలడం సచ్ఛిద్రతను మార్చే పనుల్లో అన్నిటికంటే పాతది. ఒండ్రులోని సన్నని రేణువులు, సేంద్రియ పదార్థం చల్కలో సన్నటి రంధ్రాలను పెంచి నిలుపుదలను పెంచుతాయి. 2015 మార్చి 12న నిజామాబాదు జిల్లా సదాశివనగర్‌లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో పూడికను రైతులు పొలాలకు తరలించుకోవడం ఒక భాగంగా ఉండేది. పూడిక తీసిన చెరువు అడుగున నీరు ఇంకడమూ పెరుగుతుంది. మళ్లీ సన్నని ఒండ్రు పేరుకున్నకొద్దీ ఆ ఇంకుడు తగ్గుతుంది. ఊట చెరువులు, ఇంకుడు గుంతలకూ ఇదే వర్తిస్తుంది. గుంత ఎంత నీరు పడుతుందన్నదానికంటే దాని అడుగు పొర వాహకత ఎంతన్నదే వాటి ఫలితాన్ని తేలుస్తుంది.

నమూనాల పరిమితులు

రిచర్డ్స్ సమీకరణం పిడికెడు మట్టికి సరిపోయినంతగా ఊరి పొలిమేరకు సరిపోదు. ఒకే చల్కలో పది అడుగుల దూరంలో మొరం లోతు మారుతుంది. తడిసేటప్పుడు, ఆరేటప్పుడు నిలుపుదల వక్రం ఒకటి కాదని హెయిన్స్ 1930లోనే చూపినా చాలా నమూనాలు ఒక్క వక్రంతోనే సరిపెట్టుకుంటాయి. ఇసుక, ఒండ్రు, బంక పాళ్ల నుంచి వక్రాన్ని ఊహించే సూత్రాలు ఎక్కువగా సమశీతోష్ణ దేశాల నేలల మీద తయారైనవి. వాటిని కేయోలినైటు చల్కలకు స్థానిక కొలతలతో సరిచూడకుండా వాడకూడదు.

జిల్లా స్థాయి భూగర్భజల లెక్కల్లో ఈ సమీకరణాలేవీ వాడరు. 1997 నాటి భూగర్భజల అంచనా సంఘం ప్రమాణాల ప్రకారం బంక తక్కువున్న చివికిన గ్రానైటులో వర్షపాతంలో 11 శాతాన్ని రీఛార్జిగా, స్పెసిఫిక్ ఈల్డ్‌ను 3 శాతంగా తీసుకునేవారు; బంక ఎక్కువున్న చోట ఆ అంకెలు 8, 1.5 శాతం.